నీళ్ళకు దొరక్కుండా

పన్నెండూ యాభైకి సూది గుచ్చారు, ఒంటిగంటా యాభైకి యంత్రం బల్ల మీద పడుకోబెడతారు, మధ్యలో ఉన్న ఈ గంటంతా మందుది. అది మేనత్త ఒంట్లో వీధి వీధీ తిరిగి, తనకి కావలసిన గుమ్మం ఎక్కడుందో వెతుక్కుని అక్కడ కూర్చోవాలి. అందాకా మేనత్త వాలుకుర్చీలో కదలకుండా ఉండాలి, కబుర్లు చెప్పకూడదు, పావుగంటకో గ్లాసు నీళ్ళు తాగాలి. మేనత్త గంటసేపు కబుర్లు చెప్పకుండా ఉండటమంటే టిక్కెట్టు పెట్టి చూపించాల్సిన వింత అనుకుంది మేనకోడలు, సీసం కలిపిన దళసరి గాజుకి ఇవతల స్టూలు మీద కూర్చుని, నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈ గాజు కాస్త పచ్చగా ఉంటుంది, దాంట్లోంచి చూస్తే ఎవరైనా నీళ్ళ అడుగున కూర్చున్నట్టే కనిపిస్తారు. ఎప్పుడింత చిన్నదైపోయింది ఈ మనిషి? ఆస్పత్రి గౌను భుజాల మీద నిలవక జారుతోంది, పాదాలు నేలకి ఆనక, ఎత్తు బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్లల కాళ్ళలా వేళ్ళాడుతున్నాయి. దగ్గరికెళ్ళి ఆ గౌను సర్దుదామంటే కుదరదు. ఈ గంటసేపు ఆ ఒంట్లోంచి కంటికి కనపడని కిరణాలు బయటికొస్తూ ఉంటాయి, రోజూ ఇదే పనిలో ఉండేవాళ్ళు దూరంగా ఉండాలని రూలు, ఆ రూలు రాసి గోడకి అంటించింది తనే, పెద్దక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి మరీ. చంకనెత్తుకుని తిప్పిన మనిషికి రెండు బారల దూరంలో కూర్చోవలసి వస్తుందని రాసేటప్పుడు తోచలేదు.

మేనత్త పేగులో గడ్డ ఉంది, సెనగగింజంత. గురువారం కోసి తీసేస్తానన్నాడు సర్జన్, అయితే ఒక మాట ముందే చెప్పాడు, ఎక్కడెక్కడ ఉందో గీసినట్టు కనిపిస్తేనే కత్తి పట్టుకుంటాను, కాలేయమంతా చల్లుకుని ఉంటే మాత్రం కోసి లాభం లేదు, ఆ దారి వేరు అని. కాబట్టి అంతా ఈ యంత్రం తీసే బొమ్మ మీద ఉంది. బొమ్మేమో మందు మీద ఉంది. మందులో కిరణాలిచ్చే లోహం, గాలియం, సరిగ్గా కుదిరితే అది గడ్డ దగ్గరికే వెళ్ళి అంటుకుని వెలుగుతుంది, కుదరకపోతే పేరుకుపోయి నేరుగా కాలేయానికి చేరి అక్కడ పొగమంచులా పరుచుకుంటుంది, అప్పుడు అది మంచో, రోగమో ఆ బొమ్మలు చూసే డాక్టరమ్మకి కాదు కదా ఎవరికీ తెలియదు. అలా అయితే ఇంకో రోజు రమ్మంటారు. వేరే ఎవరైనా అయితే వస్తారు. మేనత్త రాదు. మామయ్య ఆస్పత్రికి తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి నలుగురు మోసుకొస్తే తిరిగొచ్చాడు, ఆనాటి నుంచి ఆస్పత్రి గేటు కనపడితే రోడ్డుకి అవతల పక్క నడిచే మనిషి. ఐదు వారాలు బతిమాలింది తను. చివరికి, ఆ మందు కలిపేది బయటివాళ్ళు కాదత్తా, నేనే, అన్నాక కాసేపు గోడ వంక చూసి, నువ్వు కలిపితే ఒక్కసారి తాగుతానే, తాగేది కాదంటే గుచ్చుకుంటాను, ఒక్కసారే, రెండోసారి పిలిచావో ఇంటికి తాళం వేసి పోతాను, ఎక్కడికని కూడా చెప్పను, అంది. అంటే అన్నట్టే చేసే మనిషి.

ఆ ఒక్కసారిని పొద్దున తొమ్మిదింటికే తను నీళ్ళపాలు చేసింది.

వేళ్ళు ఇప్పటికీ ఆ పొరపాటునే తిరిగి తిరిగి చేస్తున్నాయి, ఒళ్ళో, తనని అడగకుండానే. ఎడమచేతి సిరంజి, కుడిచేతి సిరంజి. పదకొండేళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేస్తానని గొప్పలు పోయిన పని. బకెట్టంత సీసపు పెట్టె, దాంట్లో జెర్మేనియం కూర్చుని తన పాటికి తాను కాస్త కాస్త గాలియంగా మారుతూ ఉంటుంది, పైనుంచి ఆమ్లం పోస్తే ఆ పుట్టిన గాలియం ఒక్కటే కిందికి దిగుతుంది. తూనిక దాన్ని బర్రె అంటాడు. తూనికంటే రెండో సంతకం పెట్టే పెద్దాయన, మాట కూడా కాటాలో వేసి చూసుకుని గానీ బయటికి వదలడు కనక ఆ పేరు. ఏమ్మా, బర్రెని పిండావా, అని అడుగుతాడు పొద్దున్నే. పిండింది. ఆమ్లంలో ఉన్నంతసేపూ గాలియం బుద్ధిగానే ఉంటుంది. ఒక్కో గాలియం చుట్టూ ఆరు నీళ్ళ కణాలు అంటిపెట్టుకుని ఉంటాయి. గాలియం పిడికెడు పిట్టే గానీ దాని లాగుడు మహా గట్టిది, ఎంత గట్టిగా లాగుతుందంటే చుట్టూ ఉన్న నీటి కణంలోంచి ఒక హైడ్రోజన్ ఊడి పక్కకి పోతుంది. చుట్టూ ఆమ్లం నిండుగా ఉంటే ఊడిన చోట ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, గొడవ లేదు. ఆమ్లం తగ్గించారా, వచ్చి కూర్చునేవాళ్ళుండరు. ఒకటి ఊడుతుంది, ఇంకోటి ఊడుతుంది, ఆ మిగిలిన మొండి నీళ్ళు పక్క గాలియాన్ని పట్టుకుంటాయి, రెండు నాలుగై, నాలుగు నూరై, ముద్ద కడుతుంది. కడితే కనిపించి చావదు. సీసా అద్దంలా తేటగానే ఉంటుంది, అదీ దాని దుర్మార్గం. ఇక గాలియాన్ని పట్టుకోవాల్సిన మందు, కొక్కెం లాంటిది, పేగులో గడ్డని వెతికే తోక ఉన్నది, ఎంత కలిపినా దండగ, కొక్కేనికి గాలియం దొరకదు, నీళ్ళు అప్పటికే పట్టుకుపోయాయి.

అలాగని ఆమ్లం తగ్గించకుండా ఊరుకుంటే ఆ కొక్కెం నోరు తెరవదు. అందుకే ఒక వరస ఉంది. ముందు కొక్కెం లోపల ఉండాలి, ఆ తర్వాతే ఆమ్లాన్ని విరిచే ద్రావణం చుక్క చుక్కగా పోయాలి, ఎలాగంటే నీళ్ళ చెయ్యి గాలియం మీద పడేలోగా కొక్కెం చెయ్యి పడాలి. కొక్కేనికీ నీళ్ళకీ మధ్య ఉన్న ఆ సందు ఎంతంటే ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సినంత. అంత సందులోంచి నాలుగువేల సార్లు గాలియాన్ని దాటించింది, ఒక్కనాడూ కాలు జారలేదు. ఈ రోజు, వరండాలోంచి గొంతు వినపడింది. మా నత్త ఏ గదిలో పని చేస్తుందమ్మా, అని ఎవరో నర్సుని మేనత్త అడుగుతోంది, నర్సు నవ్వుతోంది, నత్తేమిటండీ అంటోంది, నత్తేనమ్మా, చిన్నప్పుడు అన్నం పెడితే సాయంత్రానికి గానీ తినేది కాదు, మేనత్తకి దొరికిన నత్త అది, అని ఇంకా చెబుతోంది. ఆ గొంతుకి ఒళ్ళంతా ఒక్కసారి ఏడేళ్ళ పిల్ల ఒళ్ళైపోయింది. ఆమ్లాన్ని విరిచే ద్రావణం ఉన్న కుడిచేతి సిరంజి ముందు ఒంపేసింది. కొక్కెం ఉన్న ఎడమచేతిదింకా నిండుగానే ఉందని చూసుకునేసరికి మూడు నిమిషాలు. ఉండబట్టలేక కొక్కెం కలిపి, వేడి పెట్టి, ముద్ద ఎంతుందో తేల్చే కాగితపు పట్టీ పరీక్ష చేసి చూసింది. నూటికి ముప్పై ఒక్క వంతులు అడుగునే ముద్దయి కూర్చుంది. సీసపు డబ్బాలో పారేసింది. తూనిక పొద్దున రాగానే అడిగాడు, మీవాళ్ళ మందు నేను కలపనా అని, సొంతవాళ్ళకి కలపకూడదన్న రూలు లేదు గానీ ఉండాల్సిందే, అక్కర్లేదండీ అంది తను, ఎంత పొగరు, ఎంత ముచ్చట, మేనత్తకి నా చేత్తో నేనే అని.

పది రోజుల కోసమని నాన్న తీసుకొచ్చి, మేనత్త గుడ్డలకి రంగులు వేసే షెడ్డులో దింపాడు, అమ్మకి తమ్ముడు పుట్టి జబ్బు చేసినప్పుడు. ఆ పది రోజులు తొమ్మిదేళ్ళు నడిచాయి. ఎవరూ ఇటు పంపెయ్యమని అడగలేదు, అటు వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, పిల్ల అక్కడుంది, అంతే. పొడుగాటి షెడ్డు, తొట్లు, తొట్లలో ఎరుపు, నీలం, పసుపు, పైన తీగల మీద ఆరేసిన గుడ్డలు, వాటి కింద నడిస్తే నెత్తి మీద చుక్కలు పడి బడికెళ్ళేసరికి జుట్టు మూడు రంగులు. మేనత్త గోళ్ళ అంచుల్లో నీలం అప్పుడు ఎక్కిందే, ఇప్పుడు కూడా అలాగే ఉంది, గాజులోంచి కనపడటం లేదు గానీ ఉంటుంది. మూలన పటిక ముద్ద, పిల్ల తలకాయంత. వానాకాలం కుళాయిలో బురదనీళ్ళొస్తే మేనత్త ఆ ముద్దని పట్టుకుని నీళ్ళల్లో నాలుగు చుట్లు తిప్పి వదిలేసేది, అర్ధగంటకి బురదంతా అడుగుకి దిగి నీళ్ళు తేరుకునేవి. ఎలా దిగుతుందత్తా అంటే, పటిక వెళ్ళి ఒక్కొక్క మట్టిరేణువుకీ చెవిలో చెబుతుందే, ఇంక ఆడింది చాలు, పడుకో, అని. చాలా ఏళ్ళు నిజమనుకుంది. కాలేజీలో చెప్పారు అది అల్యూమినియమనీ, నీళ్ళల్లో పడి దాని హైడ్రోజన్లు ఊడి, మెత్తటి ముద్దలు కట్టి, ఆ ముద్దల్లో మట్టిని చుట్టుకుని కిందికి దిగుతుందనీ. చెవిలో చెప్పడం కాదని తెలిసి కాస్త బెంగ పడింది కూడా. అదే గుణం. అక్కడ నీళ్ళని తేర్చిన గుణమే ఇక్కడ తన సీసా కొంప తీసింది.

ఈ లోహాలు ఒకే ఇంటి పిల్లలంతా, స్వభావాలు వేరు. ఇనుము అందరికన్నా తొందరమనిషి, ఆమ్లం కొంచెం పల్చబడిందో లేదో నీళ్ళని లాగి ముద్దయిపోతుంది. దాని వెనకే గాలియం, ఓ అడుగు తేడాతో. ఇండియం ఒళ్ళు పెద్దది, కాస్త నిదానం. అల్యూమినియం వీళ్ళందరిలోకీ ఓర్పుగలది, ఆమ్లం బాగా తగ్గితే గానీ కదలదు. కొత్తగా పనిలో చేరిన వాళ్ళకి ఇలాగే చెబుతుంది తను, నవ్వుతారు, కానీ మరిచిపోరు. ఇనుము ఇంకో పని కూడా చేస్తుంది, గాలియం వేషంలో వచ్చి కొక్కెంలో కూర్చుంటుంది, అందుకే ఇనుప సూది సీసాలోకి దిగకూడదు. షెడ్డులో కూడా ఇనుము రాకూడదు. ఎనిమిదేళ్ళప్పుడు ఎరుపు తొట్టి పక్కన ఆడుకుంటూ తుప్పుపట్టిన డబ్బా దాంట్లో పడేసి, భయపడి చెప్పకుండా ఊరుకుంటే, తెల్లారేసరికి ఎరుపంతా ఎండిన నెత్తురు రంగైంది. ముప్పై మూరల గుడ్డ. మేనత్త ఒక్కమాట అనలేదు, చెయ్యి తొట్టిలో పెట్టి, డబ్బా బయటికి తీసి, దాన్ని చూసి, పిల్లని చూసి, తొట్టి వంచేసింది. ఆ రంగు కాలవలో పడి పోతుంటే ఇద్దరూ దాని పక్కనే కొంత దూరం నడిచారు, ఎందుకు నడిచారో. ఆ కాలవలో చేపలు ఎర్రబడతాయా అత్తా అని అడిగింది. సిగ్గుపడితే పడతాయేమోనే అంది మేనత్త.

లోపల మేనత్త రెండో గ్లాసు తాగుతోంది, మందు తాగినట్టు మొహం పెట్టి. వట్టి నీళ్ళకి ఆ మొహమేమిటి. తాగి, గ్లాసు బోర్లించి, ఇటు చూసి, అయిపోయిందని చెయ్యి తిప్పింది. గాజుకి అవతలి నుంచి ఇటు సరిగ్గా కనపడదు, అయినా తనున్న వైపే తిప్పింది. మేనత్తకి చెప్పించిన అబద్ధం గుర్తొచ్చి తల దించుకుంది ఆమె. పొద్దున మందు పాడయ్యాక బర్రెకి మళ్ళీ చేపు రావాలంటే మూడు గంటలు ఆగాలి, ఆ సంగతి చెప్పడానికి తను వెళ్ళలేదు, ఒక మనిషిని పంపి, మిషను మొరాయించింది, మధ్యాహ్నం దాకా కూర్చోమ్మా అని చెప్పించింది. మూడు గంటలూ బెంచీ మీద కూర్చుంది ఆ మనిషి. ఆస్పత్రి గేటు చూస్తే రోడ్డు దాటే మనిషి. వరండాలో పోయేవాళ్ళందరి బట్టలూ చూస్తూ, ఆ నీలం నిలవదు, ఈ పచ్చ రెండు ఉతుకులకి దిగుతుంది, అని పక్కావిడకి చెబుతూ కూర్చుందని నర్సు చెప్పింది.

మూడు గంటలు కూడా పూర్తిగా ఆగలేదు, నిజం చెప్పుకోవాలంటే. పావుగంట ముందే పిండింది. వరస తప్పలేదు ఈసారి, కొక్కెం, ఆ తర్వాత ద్రావణం, పైకి చదువుకుంటూ చేసింది బడిపిల్లలా. వేడి మీంచి తీసేటప్పుడు గడియారం చూసింది, అంతా సరిగానే ఉంది. పట్టీ పెడితే ముద్ద రెండు పాయింట్ నాలుగు. నూటికి మూడు దాటకూడదని రూలు. దాటలేదు. తూనిక అంకె చూశాడు, రాసుకున్నాడు, సంతకం పెట్టాడు, పెన్ను మూత పెట్టి, కాటాలో వేసి, రూలుకి సరిపోయింది, నీ చేతికి ఎక్కువే, అన్నాడు. అదే నాటుకుంది. తన చేతికి ఎప్పుడూ ఒకటి దాటదు. ఈ రెండు పాయింట్ నాలుగు ఎక్కణ్ణుంచొచ్చింది? అది అక్కడితో ఆగిందా, లేక సీసాలో, సిరంజిలో, ఇప్పుడు ఆ నీలపు గోళ్ళ మనిషి ఒంట్లో, పెరుగుతోందా? కొక్కేనికి చిక్కకుండా కాస్త గాలియం మిగిలి ఉంటే, అది మెల్లిగా ముద్దవుతూ ఉంటే? అరవై ఎనిమిది నిమిషాలకోసారి సగమైపోయే సరుకు ఇది, దాచి రేపు చూసుకునే వీలుండదు, ఏదైనా ఇప్పుడే. సీసా అడుగున కాస్త మందు మిగిలి ఉంది. ఒంటిగంటా ఇరవైకి దాంట్లోంచి ఇంకో చుక్క తీసి రెండో పట్టీ పెట్టింది. మూడు దాటిందా, లేచి వెళ్ళి యంత్రం ఆపించాలి, తప్పు మందు ఎక్కించామని చెప్పాలి, మేనత్త ఇంటికి తాళం పడుతుంది, గురువారం గురువారంలా వెళ్ళిపోతుంది, సెనగగింజ పేగులోనే కూర్చుని ఉంటుంది. ఆ అంకె తూనికకి చూపించకుండా ఉండగలదు. ఎవరూ పెట్టమనలేదు ఈ పట్టీ. అది కూడా తెలుసు తనకి.

వేలెడు కాగితం ముక్క, గాజు గొట్టంలో నిలబడి ఉంది, కిందినుంచి ద్రవం పాకుతోంది. మంచి మందు ద్రవంతో పాటు పైకి పోతుంది, ముద్దయిన గాలియం చుక్క వేసిన చోటే ఉండిపోతుంది, దానికి నడిచే ఓపిక ఉండదు. తడి అంచు పైకి పోతుంటే చూస్తూ కూర్చోవడం కన్నా చెయ్యగలిగింది లేదు. ఆరేసిన గుడ్డ అంచున రంగు ఇలాగే పాకేది. చూస్తూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది, పిల్లిలా వచ్చి పక్కన కూర్చుంది, తోలదామనుకుంటే పోలేదు. మందు చెడినా బాగుండును అని. చెడితే, కాసేపట్లో బొమ్మలో కాలేయం మీద ఏం కనపడినా, అది రోగం కాదు, నా తప్పు అనుకోవచ్చు. ఇంటికి తీసుకెళ్ళి, అత్తా, ఏం లేదు, మందు పాడైంది, అంతే, అని చెప్పవచ్చు. చెప్పి, నిజమేనని తనూ కొన్నాళ్ళు నమ్మవచ్చు. మందు బాగుంటే ఆ గొడుగు ఉండదు. బొమ్మలో ఏముంటే అదే ఉన్నట్టు. పదకొండేళ్ళలో ఎందరికి కలిపింది, పేర్లు కూడా చూడదు, నంబర్లే, ఆ నంబర్లన్నిటి వెనకా ఎవరో ఒకరు ఇలా ఇవతల కూర్చుని, మిషను అబద్ధమాడితే బాగుండునని కోరుకుని ఉంటారు. వాళ్ళకి ఆ అవకాశం ఇవ్వకుండా కలపడమే తన ఉద్యోగం. ఇన్నాళ్ళూ తెలియలేదు ఇదింత కఠినమైన ఉద్యోగమని. మేనత్త ఒకసారి అంది, ఏం చేస్తావే ఆ ఆస్పత్రి పాతాళంలో పొద్దస్తమానం, అంటే, నీళ్ళతో తగువులాడతానత్తా అంది తను, ఎవరు గెలుస్తారు అంటే, రోజూ నేనే, అంది. రోజూ నేనేనట.

కాగితం పైదాకా తడిసింది. తీసి, ఆరబెట్టి, కొలిచే గూటిలో పెట్టింది. ఒంటిగంటా నలభై మూడు. యంత్రం అంకెలు దొర్లించింది, పైన ఇంత, కింద ఇంత. కింద, రెండు పాయింట్ మూడు.

పెరగలేదు. ఉన్నదేదో అప్పుడే ఉంది, తర్వాత ఒక్క గాలియం కూడా నీళ్ళకి దొరకలేదు. మూడులోపే. మందు మంచిదే. ఒళ్ళంతా తేలికైంది, ఆ తేలికలోనే ఎక్కడో గుండె దగ్గర చలేసింది, ఇక కాలేయం మీద కనపడేది ఏదైనా కాలేయం మీద ఉన్నదే. పుస్తకంలో రెండో అంకె కూడా రాసింది. తూనిక వెనకనుంచి వంగి చూశాడు, పక్కన సంతకం పెట్టి వెళ్ళాడు, సంతకం అడగలేదు తను.

రోగుల్ని యంత్రం దగ్గరికి తీసుకెళ్ళడానికి వేరే మనిషి ఉన్నాడు. అతన్ని ఉండమని తనే తలుపు తోసింది. మేనత్త కళ్ళు తెరిచి, ఎవరొచ్చారో చూసి, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి ఆగింది.

"నోరు తెరవచ్చా?"

"తెరువు."

"అయితే అడుగుతా. పొద్దున చెడింది మిషనా, నువ్వా?"

మేనత్త నింపాదిగా చెప్పుకుపోయింది, మిషను చెడితే నువ్వే వచ్చి దాన్నీ దాన్ని కొన్నవాడినీ తిట్టిపోసేదానివి, ఎవడో మనిషిని పంపావు, నా ముందుకి రాలేదు, నీ తప్పైతేనే నువ్వు తొట్ల వెనకాల దాక్కుంటావు, నాకు తెలియదూ, అని.

"నేనేనత్తా. వరస తప్పాను. మందు చెడింది."

"ఏం చేశావు దాన్ని?"

"పారేశాను."

"మరి నాకు గుచ్చింది?"

"మళ్ళీ కలిపాను. రెండుసార్లు చూశాను. బాగుంది."

మేనత్త గౌను భుజమ్మీదికి లాక్కుంది. "చెడిన తొట్టి వంచలేనివాళ్ళకి పని నేర్పలేదే నేను. పద, ఎటు?"

చెయ్యి పట్టుకుని నడిపించింది. గోళ్ళ అంచున నీలం ఉంది. పదహారు అడుగులు, వరండాలో. మూడు గంటలు ఆకలితో కూర్చోబెట్టానత్తా అంటే, ఆకలేం లేదు, పక్కావిడ బిస్కెట్లు పెట్టింది, పరీక్షకి తినొచ్చన్నారుగా, ఆవిడ కూతురు కట్టుకున్న పచ్చరంగు మాత్రం పచ్చి మోసం, అంది మేనత్త. బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ తల వెనక్కి పెట్టించారు, ఇరవై నిమిషాలు అలాగే ఉండాలన్నారు, బల్ల మెల్లిగా ఆ గుండ్రటి నోట్లోకి వెళ్ళింది. పాదాలు బయట మిగిలాయి, అవి కూడా లోపలికి పోయేదాకా చూసి, తలుపు వేసుకుని తెరల గదిలోకి వచ్చింది.

తన పని ఎప్పుడూ సీసాతో అయిపోతుంది. బొమ్మ దాకా రాదు. ఈ గదిలో ఎక్కడ నిలబడాలో కూడా తెలియక డాక్టరమ్మ కుర్చీ వెనక నిలబడింది. తెర మీద మేనత్త తొడల దగ్గరనుంచి మొదలై, ముక్క ముక్కగా, బూడిదరంగులో పైకి కట్టుకుంటూ వచ్చింది, ఎవరో నేత నేస్తున్నట్టు. మందు చేరిన చోటు ఈ బొమ్మలో నల్లబడుతుంది, మూత్రాశయం నల్లగా వచ్చింది, అది మామూలే, నీళ్ళు తాగింది కదా. తర్వాత పేగులో, కుడిపక్కన, నల్లటి చుక్క, గుండ్రంగా, తెలిసిందే, సెనగగింజ. ఇంకా పైకి. మూత్రపిండాలు. కాలేయం. మంచు లేదు. అంచులు కత్తిరించి అంటించినట్టు ఉంది, లోపలంతా సమంగా, ఉండవలసినంత లేత ఛాయ, ఉండవలసిన చోట. డాక్టరమ్మ ఆగింది. బొమ్మని ఇటు తిప్పింది, అటు తిప్పింది, పెద్దది చేసింది. ఆ లేత ఛాయలో, కింది అంచుకి ఆనుకుని, పెసరగింజంత చుక్క ఒకటి.

"ఈ రోజు మందు ఎవరు కలిపారు?" అంది డాక్టరమ్మ తెర మీంచి కళ్ళు తియ్యకుండా.

నేనేనండీ అంటే, వెనక్కి తిరిగి మొహం చూసి, మీవాళ్ళా, అని అడిగి, నెమ్మదిగా చెప్పింది. ఇంత చిన్నది మామూలుగా దొరకదు, కాలేయం ఏ కాస్త మసకగా ఉన్నా ఇది దాంట్లో కలిసిపోయేది, సర్జన్ పేగులో దాన్ని తీసి కుట్లు వేసి పంపేసేవాడు, ఇది లోపల మిగిలిపోయేది, ఏడాదికో రెండేళ్ళకో పదై బయటపడేది. ఒక్కటే ఉంది. వేరే ఎక్కడా లేదు. అంచునే ఉంది కాబట్టి దాంతో పాటు దీన్నీ తీసేయొచ్చు, ఆయనతో ఇప్పుడే మాట్లాడతాను, గురువారం ఖాయం చేసుకోండి, అంది. ఆమె తల ఊపింది. పొద్దున సీసా గుర్తొచ్చింది, ముప్పై ఒక వంతు మంచు, అద్దంలా తేటగా కనిపించిన సీసా. ఒకటి లేదనుకుంటే ఉంది, ఉన్నదేమో దొరికింది.

యంత్రం ఆగింది. బల్ల వెనక్కి జారి వచ్చింది, ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, తర్వాత మేనత్త. కళ్ళు కప్పు వైపే ఉన్నాయి. చేతులు ఇంకా తల వెనకే, చెప్పేదాకా దించకూడదన్నారని దించలేదు. ఆమె పక్కకి వెళ్ళి నిలబడింది.

"అత్తా, ఒకటి కాదు. రెండున్నాయి."

మేనత్త కనురెప్ప వెయ్యలేదు. "రెండోది ఎక్కడ?"

"కాలేయం అంచున. పెసరగింజంత. రెండూ గురువారం తీసేయొచ్చంట. ఇంకెక్కడా ఏమీ లేదు."

"లేదని నిజంగా కనిపించిందా, నన్ను చూసి అంటున్నావా?"

"నిజంగా కనిపించింది."

మేనత్త ఆ మాటని లోపల ఎక్కడో పెట్టుకుంది, పెట్టుకోడానికి కాస్త సమయం పట్టింది. కంటి చివరనుంచి ఒక్క తడిగీత చెవి వైపు దిగింది, తుడుచుకుందామని చెయ్యి కదిపి, కదలక, మొహం చిట్లించింది.

"గురువారం సంగతి గురువారం చూసుకుందాం గానీ, ముందు ఈ చేతులు దించవే. మొద్దుబారిపోయాయి, నావిలా లేవు."

ఆమె ముందు ఆ చెంప తుడిచింది. తర్వాత ఎడమచెయ్యి మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి, బరువంతా తన మీద వేసుకుని, అంగుళం అంగుళం కిందికి తెచ్చి పక్కన పడుకోబెట్టింది, తర్వాత కుడిది. భుజం దగ్గర మొదలుపెట్టి వేళ్ళ కొసల దాకా రాస్తూ వచ్చింది, మళ్ళీ భుజం దగ్గరనుంచి. నెత్తురు తిరిగి వస్తుంటే చీమలు పాకినట్టుందేమో, మేనత్త పళ్ళ బిగువున మూలిగి, మెల్లిగానే, మెల్లిగా, అంది, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కోలేదు.